ఐటీఐ ఫిట్టర్ చదువు: పదేళ్ళు పనిచేశాక నా అభిప్రాయం

మా పిన్ని కొడుకు ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు (యంత్ర భాగాలను తయారుచేసి బిగించే పని) తీసుకుంటానంటే ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. "నువ్వు చదివావు కదా నాన్నా, అందులో ఏముందో నువ్వే చెప్పు" అని పిన్ని ఫోను చేసింది. ఆమెకు చెప్పిన మాటలే రాస్తున్నాను.

నేను చీపురుపల్లి నుంచి రోజూ పాసింజరు రైల్లో విజయనగరం వెళ్ళి రెండేళ్ళు చదివాను. విశాఖలో ఏడాది అప్రెంటిస్ చేశాను. పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీ మెయింటెనెన్సులో ఇది పదో ఏడు.

మొదటి నెలలన్నీ ఆకురాయితోనే గడిచాయి. ఇనుప ముక్క అంచును సరిగ్గా 90 డిగ్రీలకు అరగదీయాలి. ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే సందులోంచి సన్నని వెలుగు కూడా రాకూడదు. అరచేతులు బొబ్బలెక్కాయి. తర్వాత రెండు ముక్కలను ఒకదానిలో ఒకటి ఇమిడేలా చేయించారు. అక్కడ అనుమతించే తేడా 0.04 మి.మీ., తల వెంట్రుక మందం కన్నా తక్కువ. ఈనాటికీ నాకు అన్నం పెడుతున్నది ఆ ఓపికే.

వర్క్‌షాప్ కాలిక్యులేషన్, అంటే పనిలో వాడే లెక్కల క్లాసు మాత్రం భోజనం తర్వాత, నిద్రొచ్చే వేళ ఉండేది. సూత్రాలు బట్టీపట్టి పాసయ్యాను. కంపెనీలో చేరిన రెండో ఏడు, స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్లాంజికి (పైపులను కలిపే చక్రం లాంటి బిళ్ళ) 16 మి.మీ. రంధ్రాలు వేస్తుంటే రెండు డ్రిల్ బిట్లు మాడిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది: బిట్టు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో తెలియాలంటే, కోత వేగాన్ని 1000తో గుణించి, 3.14తోనూ బిట్టు వ్యాసంతోనూ భాగించాలి. నిమిషానికి 12 మీటర్ల వేగం అనుకుంటే దాదాపు 240 చుట్లు వచ్చింది. మా మిషను అంతకు మూడు రెట్ల వేగంతో తిరుగుతోంది. బెల్టు మార్చి, కూలెంటు (వేడి తగ్గించే ద్రవం) పోస్తూ మిగతా రంధ్రాలన్నీ ఒకే బిట్టుతో పూర్తిచేశాను. క్లాసులో ఆ లెక్క చెప్పిన రోజే డ్రిల్లింగ్ మిషను దగ్గరికి తీసుకెళ్ళి చూపించి ఉంటే ఎంత బాగుండేది! మా దగ్గర థియరీ, ప్రాక్టికల్ రెండు వేర్వేరు బడుల్లా నడిచేవి. నా పెద్ద ఫిర్యాదు ఇదే. డ్రాయింగు కూడా బోర్డు మీది బొమ్మను దింపుకోవడంతో సరిపోయింది. పంపు అసెంబ్లీ డ్రాయింగు చదవడం కంపెనీలో ఒక సీనియర్ అన్న దగ్గర ఆరు నెలలు నేర్చుకున్నాను. ఉన్న రెండు లేతుల్లో (ఇనుమును తిప్పుతూ చెక్కే యంత్రాలు) ఒకటి మా చదువు పూర్తయ్యేదాకా బాగుపడలేదు.

పని దొరకడానికి ఇబ్బంది పడలేదు. పైకి వెళ్ళడమే కష్టం. సూపర్‌వైజర్ పోస్టులు డిప్లొమావాళ్ళకు వెళ్తాయి. ఐటీఐ తర్వాత బ్రిడ్జ్ కోర్సు చేసి, ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదికి వెళ్ళవచ్చు. ఆ దారి ఉందని పదహారేళ్ళ వయసులో నాకు చెప్పినవాళ్ళు లేరు. అందుకే మా తమ్ముడికి ముందు అదే చెప్పాను.

పిన్నిని ఫీజు, భవనం కన్నా ముందు వర్క్‌షాపు చూడమన్నాను. లేతు కింద తాజా ఇనుప పొట్టు ఉంటే అక్కడ పిల్లలు పనిచేస్తున్నట్టే, చేర్చేయమన్నాను. దుమ్ము పేరుకుని ఉంటే మరొకటి వెతకాలి. ఈ సోమవారం నాకు సెలవు. నేనూ వాళ్ళతో వెళ్తున్నాను.