షట్‌డౌన్ దగ్గర మొరాయించే వైఫై అడాప్టర్: ఏళ్ళ తరబడి వాడిన తర్వాత

ఈ యూఎస్‌బీ వైఫై అడాప్టర్ వేగం, యాంటెనా, రెండు బ్యాండ్ల సంగతులన్నీ పెట్టె మీదే అచ్చు వేసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్ళను. ఏళ్ళ తరబడి వాడాక నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: దీనితో పాటు కంపెనీ ఇచ్చే డ్రైవర్, అంటే అడాప్టర్‌ను విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్, కంప్యూటర్‌ను సవ్యంగా షట్‌డౌన్ కానివ్వదు. వినడానికి ఇది చిన్న లోపమే అనిపించవచ్చు. కాని ఇంట్లోనే డీటీపీ పని చేసుకుంటూ, రాత్రి పని ముగిశాక గోడ మీది స్విచ్ కూడా కట్టేసి పడుకునే అలవాటున్న నాకు ఇంతకు మించిన తలనొప్పి మరొకటి లేకపోయింది.

షట్‌డౌన్ నొక్కగానే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. కాసేపటికి తెర నల్లబడుతుంది, మానిటర్ లైటు రంగు మారుతుంది. కాని క్యాబినెట్‌లో ఫ్యాను ఆగదు, కీబోర్డు మీద నమ్‌లాక్ లైటు ఆరదు. అలా కొన్ని నిమిషాలు గడిచాక నీలి తెర వస్తుంది, దాని మీద శాతం అంకె నూరు దాకా పెరుగుతుంది, ఆ తర్వాత కంప్యూటర్ తనంతట తానే మళ్ళీ ఆన్ అవుతుంది. అప్పటికి నేను పక్క గదిలోకి వెళ్ళిపోయి ఉంటాను కాబట్టి ఆ నీలి తెర చాలాకాలం నా కంట పడనేలేదు. "ఏమండీ, మీ కంప్యూటర్ మళ్ళీ ఆన్ అయింది" అని మా ఆవిడ పిలిచేసరికి లాగిన్ తెర మాత్రమే ఉండేది. నీలి తెర వచ్చిన వెంటనే రీస్టార్ట్ అయ్యే ఏర్పాటు విండోస్‌లో మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. అందువల్ల షట్‌డౌన్‌లో క్రాష్ అయిన యంత్రం, చూసేవారికి షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ అయినట్టే కనిపిస్తుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్ళి, స్టార్టప్ అండ్ రికవరీ కింద ఆటోమేటికల్లీ రీస్టార్ట్ ఎదురుగా ఉన్న టిక్ తీసేశాకే ఆ తెర నిలబడింది, దాని మీద రాసి ఉన్నది చదవగలిగాను. అక్కడ ఉన్న మాట: డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్.

దీని వెనుక జరిగేది అంత కష్టమైన విషయమేమీ కాదు. ఆగిపోయే ముందు విండోస్ ప్రతి పరికరానికీ పవర్ తగ్గించుకొమ్మని ఆదేశం పంపుతుంది, ఆ పరికరపు డ్రైవర్ తన పని ముగించుకుని అయిపోయిందని తిరిగి చెప్పాలి. ఏ డ్రైవరైనా జవాబివ్వకుండా ఆ ఆదేశాన్ని పట్టుకుని కూర్చుంటే, విండోస్ ఒక గడువు దాకా ఎదురుచూసి, ఇక లాభం లేదని నీలి తెర చూపిస్తుంది. నల్ల తెరతో, తిరిగే ఫ్యానుతో గడిచే నిమిషాలన్నీ ఆ గడువులోవే. ఇక్కడ ఒక ఊరట ఉంది: పరికరాలకు ఈ ఆదేశం వెళ్ళేసరికే మనం తెరిచిన ప్రోగ్రాములన్నీ మూతపడి ఉంటాయి. అందుకే ఇన్ని క్రాష్‌లలోనూ నా పేజీల ఫైలు ఒక్కటి కూడా చెడిపోలేదు.

ఈ మాట తెర మీద చదవకముందే ఒక మెకానిక్ వచ్చి చూశారు. ర్యామ్ తీసి పిన్నులు రబ్బరుతో రుద్దారు, "ఎస్‌ఎంపీఎస్ వీక్ అయింది సార్" అని, కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఆ పెట్టె కొత్తది వేశారు. ఆ రాత్రి కూడా కంప్యూటర్ ఎప్పటిలాగే మళ్ళీ ఆన్ అయింది. ఆయనను నేను తప్పుపట్టను, ఎందుకంటే వోల్టేజి ఎగుడుదిగుడులున్న మా ప్రాంతంలో ఎస్‌ఎంపీఎస్‌లు నిజంగానే పోతుంటాయి. అయితే దానికి డబ్బు పెట్టే ముందు పైసా ఖర్చు లేకుండా తేల్చుకోగలిగిన మార్గం ఒకటి ఉంది. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది అదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

విండోస్ తనలో జరిగేవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే జాబితా చూస్తే, సవ్యంగా ఆగని ప్రతిసారీ కెర్నల్ పవర్ పేరుతో 41 అనే ఎర్ర గుర్తు నమోదై ఉంటుంది. చాలామంది ఈ 41ని చూడగానే పవర్ అనే మాట పట్టుకుని ఎస్‌ఎంపీఎస్ మీద పడతారు. నిజానికి 41 చెప్పేది కిందటిసారి కంప్యూటర్ సరిగా మూతపడలేదని మాత్రమే, కారణం అందులో లేదు. కారణం కావాలంటే అదే నమోదులో డీటెయిల్స్ పేజీకి వెళ్ళి బగ్‌చెక్‌కోడ్ అనే వరుస చూడాలి. కరెంటు పోయి ఆగినా, బిగుసుకుపోతే మనమే బటన్ నొక్కిపట్టి ఆపినా అక్కడ సాధారణంగా 0 ఉంటుంది. నీలి తెర వచ్చి ఆగితే ఆ లోపం తాలూకు సంఖ్య ఉంటుంది. నా కంప్యూటర్‌లో రాత్రిపూట నమోదైన 41లన్నిటిలోనూ ఉన్నది 159. డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ కోడ్ అయిన 9ఎఫ్‌ను, పదహారు ఆధారంగా రాసే హెక్సాడెసిమల్ లెక్క నుంచి మామూలు లెక్కలోకి మారిస్తే వచ్చేది సరిగ్గా ఈ 159. మధ్యలో ఒక మధ్యాహ్నం యూపీఎస్ బ్యాటరీ అయిపోయి ఆగినప్పటి 41 కూడా ఉంది, దానిలో మాత్రం 0 ఉంది. ఈ రెండిటినీ పక్కపక్కన చూశాక కొత్త ఎస్‌ఎంపీఎస్ అవసరమే లేకపోయిందని స్పష్టమైంది.

ఇక ఏ డ్రైవర్ అన్నది తేలాలి. విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది, క్రాష్ అయినప్పుడల్లా అందులో ఒక ఫైలు చేరుతుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీ అనే, క్రాష్ ఫైళ్ళను చదివే ప్రోగ్రాములో దాన్ని తెరిచి విశ్లేషించమంటే కారకుడి పేరు చెబుతుంది. మొదట అది విండోస్ సొంత యూఎస్‌బీ ఫైలు పేరు చూపించింది. అక్కడితో ఆగిపోతే నేరం మదర్‌బోర్డు మీదికి పోయేది. అడాప్టర్ ఆ యూఎస్‌బీ మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, జవాబు రాని ఆదేశం ఏ పరికరం దగ్గర నిలిచిపోయిందో ఇంకా లోపలికి వెళ్ళి చూడాలి. చూస్తే కంపెనీవారి వైఫై డ్రైవర్ ఫైలు బయటపడింది. తర్వాత పరీక్ష సులువే: అడాప్టర్ పీకేసి షట్‌డౌన్ చేస్తే కంప్యూటర్ కొన్ని సెకన్లలో ఆగిపోయింది, పెట్టి చేస్తే మళ్ళీ నల్ల తెర, ఫ్యాను మోత.

రీస్టార్ట్ చేస్తే మాత్రం ఏ ఇబ్బందీ రాకపోవడం మొదట నన్ను తికమక పెట్టింది. దానికి కారణం ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆగిపోవడం కాదు. వాడుకరి పనులన్నీ మూసేసి, విండోస్ మూలభాగమైన కెర్నల్ స్థితిని మాత్రం డిస్కు మీద భద్రపరిచి ఆగుతుంది. రీస్టార్ట్‌లో ఆ దాచుకోవడం ఉండదు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా పూర్తిగానే ఆగుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ తీసేశాక కొన్ని వారాలు హాయిగా గడిచాయి. ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్ కావడంతో ఆన్ అవడంలో తేడా కూడా పెద్దగా తెలియలేదు. అయితే అది పూర్తి మందు కాలేదు. స్లీప్‌లో పెడితే పాత కథే, పెద్ద డౌన్‌లోడ్ నడుస్తుండగా షట్‌డౌన్ నొక్కినా పాత కథే. రోగం డ్రైవర్‌లోనే ఉందని అప్పుడు నమ్మకం కుదిరింది.

చివరికి డివైస్ మేనేజర్‌లో అడాప్టర్‌ను తొలగిస్తూ, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తీసివేయమనే గడిలో టిక్ పెట్టాను, కంపెనీ యుటిలిటీని కూడా తీసేశాను. అడాప్టర్ మళ్ళీ పెట్టగానే విండోస్ తన దగ్గరున్న డ్రైవర్‌తోనే దాన్ని గుర్తించింది. అప్పటి నుంచి 159 మళ్ళీ కనిపించలేదు. దీనికి నేను చెల్లిస్తున్న మూల్యం ఏమిటంటే వేగం కొంత తగ్గింది. కొన్న కొత్తలో హాల్లోని రౌటర్ నుంచి రెండు గోడలు దాటి వస్తున్న వేగాన్ని చూసి నేను పొగిడిన మాటలు కంపెనీ డ్రైవర్‌తో వచ్చిన వేగానికి చెందినవి. ఇప్పుడున్న ఏర్పాటులో వాటిని అలాగే తీసుకోకూడదు. వీడియో కాల్స్‌కు, ప్రెస్సుకు ఫైళ్ళు పంపడానికి ఏ లోటూ లేదు, పెద్ద డౌన్‌లోడ్‌లకు మాత్రం తేడా తెలుస్తుంది. అడాప్టర్‌ను క్యాబినెట్ వెనుక నేరుగా గుచ్చకుండా చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదికి తెచ్చాక సిగ్నల్ కొంత మెరుగుపడింది. యూఎస్‌బీ 3.0 పోర్టుల దగ్గర పుట్టే రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడుతుందన్నది తెలిసిన విషయమే. నా గదిలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కూడా క్యాబినెట్ నీడ తప్పించుకోవడం వల్ల బాగుపడింది.

కొనాలా వద్దా అంటే నేను ఖచ్చితంగా చెప్పలేను. మాది అద్దె ఇల్లు, గోడ తొలిచి కేబుల్ లాగడానికి యజమాని ఒప్పుకోలేదు కాబట్టి నాకు ఇది తప్పలేదు. కేబుల్ లాగగలిగినవారు లాగించుకోవడమే మేలు. కంప్యూటర్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచేవారికి ఈ లోపం ఎన్నడూ ఎదురుకాకపోవచ్చు, వారికి కంపెనీ డ్రైవరే ఎక్కువ వేగం ఇస్తుంది. రోజూ షట్‌డౌన్ చేసేవారు, స్లీప్ వాడేవారు మాత్రం కంపెనీ సాఫ్ట్‌వేర్ వేయకుండా, విండోస్ డ్రైవర్‌తోనే కొన్నాళ్ళు నడిపి చూడాలి. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు డ్రైవర్ కూడా మారే వీలుంది కాబట్టి, నేను ఇప్పటికీ ప్రతి అప్‌డేట్ తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచి కొత్త 41 ఏదైనా చేరిందేమో చూసుకుంటున్నాను.