గంట ముందు నడిచే బంగ్లా

అస్సాంలో జోర్హాట్ దగ్గర ఒక తేయాకు తోటలో, దొరల కాలం నాటి బంగ్లాలో నేను ఐదేళ్లలో తొమ్మిదిసార్లు బస చేశాను. జోర్హాట్‌లో బ్యాంకు ఉద్యోగం చేసిన నాలుగేళ్లలో సెలవు కుదిరినప్పుడల్లా వెళ్లినవి ఏడు, బదిలీ మీద కాకినాడ వచ్చేశాక పనిగట్టుకొని వెళ్లినవి రెండు. గదులెన్ని, మంచాలెంత పెద్దవి, పచ్చిక ఎంత పచ్చగా ఉంటుంది అన్న సంగతులు ఫొటోలు చూసినవారికి తెలిసేవే కనుక రాయడం లేదు. బంగ్లా పేరు కూడా రాయడం లేదు. ఎందుకన్నది ముందుముందు తెలుస్తుంది. నేను చెప్పదలచుకున్నది అక్కడి భోజనాల గదిలోని గోడగడియారం గురించి.

మొదటిసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు తీరిగ్గా భోజనానికి వచ్చి కూర్చుంటే, బేరర్ నొచ్చుకుంటూ దగ్గరకు వచ్చి, వంటవాడు ఇంటికి వెళ్లిపోయాడనీ కావాలంటే ఆమ్లెట్టూ రొట్టే తెస్తాననీ అన్నాడు. నా చేతి గడియారంలో ఒకటిన్నర అయితే గోడమీద రెండున్నర అయింది. పాడైన గడియారాన్ని పాతవస్తువు కదా అని అలంకారానికి వేలాడదీశారనుకున్నాను. తీరా అది నిక్షేపంగా నడుస్తోంది. అస్సాం తోటల్లో చాలాచోట్ల దేశమంతటి టైముకు గంట ముందు నడిచే టైము ఒకటి ఉందనీ, దాన్ని 'బాగాన్ టైమ్' అంటారనీ, బంగ్లాలో వంటయినా ఫ్యాక్టరీలో సైరనయినా దాని ప్రకారమేననీ ఆ రోజు ఆమ్లెట్టు తింటూ తెలుసుకున్నాను.

కాకినాడవాణ్ణి కనుక ఈ సంగతి నన్ను ఇతరులకన్నా ఎక్కువ పట్టుకుంది. 1906 నుంచి అమల్లో ఉన్న భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మా ఊరి పక్కనుంచే పోతుందని బళ్లో చదువుకున్నప్పుడు గొప్పగా అనిపించేది. మా ఊరి పొద్దును బట్టి జోర్హాట్‌వాళ్లు నిద్ర లేవడంలోని ఇబ్బంది మాత్రం అక్కడ ఉద్యోగం చేస్తేగాని తెలియలేదు. జోర్హాట్ ఉన్నది 94 డిగ్రీలు దాటాక. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కవేస్తే అక్కడి పొద్దు మా పొద్దుకన్నా దాదాపు 47 నిమిషాలు ముందుంటుంది. జూన్‌లో నాలుగున్నర లోపే తెల్లవారిపోతుంది. పదింటికి బ్యాంకు తలుపులు తీసేసరికి ఎండ నడినెత్తికి ఎక్కుతూ ఉంటుంది. డిసెంబరులో నాలుగున్నరకల్లా దీపాలు పెట్టుకోవాలి. అదే డిసెంబరు సాయంత్రం బంగ్లా గోడగడియారంలో చూస్తే పొద్దు ఐదున్నర ప్రాంతంలో గుంకుతున్నట్టు ఉంటుంది, అచ్చం కాకినాడలో లాగే. 47 నిమిషాలకు బదులు 60 వేసుకున్నారు కనుక దొరల లెక్కలో 13 నిమిషాలు ఎక్కువే. అయినా ఊళ్లో నాలుగేళ్లూ కుదరని నా ఆకలి, నిద్ర, ఆ వరండాలో రెండు రోజుల్లో కుదుటపడేవి. 2014 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి తరుణ్ గొగోయ్ రాష్ట్రమంతటికీ తోటల టైమునే పెడతామని ప్రకటించారు. అది జరిగి ఉంటే నేను అన్నిసార్లు ఆ బంగ్లాకు వెళ్లి ఉండేవాణ్ణి కాదేమో.

తెల్లవారుజామున బాగాన్ టైము ఐదింటికి, అంటే మన నాలుగింటికి, వరండాలో టీ పెడతారు. బంగ్లా చాంగ్ రకానిది, అంటే గుంజల మీద మనిషెత్తున లేపి కట్టింది. వరదకూ చెమ్మకూ పాములకూ అందకుండా ఆ ప్రాంతంలో అలాగే కట్టేవారు. నేల చెక్కది కనుక బేరర్ చెప్పులు విప్పి వచ్చినా అడుగులు మంచంలోకే వినిపిస్తాయి. టీ తాగుతూ ఉంటే ఎదురుగా శిరీషపు చెట్ల కింద మంచు పలచబడుతుంది, సైరన్ మోగుతుంది, ఆకు కోసే ఆడవాళ్లు బుట్టలు తగిలించుకొని బాట మీదుగా పోతారు. మా అమ్మ మొదటిసారి నాతో వచ్చినప్పుడు అంత పొద్దున్నే వేడి టీ ఎదురు రావడం చూసి, "ఇన్నేళ్లకు నా వేళకు లేచే ఇల్లు ఒకటి కనబడిందిరా" అంది. ఆమె నాలుగింటికి లేచి ఎవరూ లేవని ఇంట్లో ఒక్కతే గిన్నెలు సర్దుకుంటూ యాభై ఏళ్లు గడిపిన మనిషి.

ఆ బేరర్‌తో ఆమెకు మాట కలవడం మరో విచిత్రం. ఆమెకు హిందీ రాదు, అతనికి తెలుగు రాదు. కానీ అతని నానమ్మ పుట్టింటివాళ్లను లైన్లలో, అంటే తోట కూలీల ఇళ్ల వరుసల్లో, 'తెలెంగా' అనేవారట. పాత మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తరపు జిల్లాల నుంచి, గంజాం, విశాఖ వైపు నుంచి, తోటపనికి తీసుకుపోయినవారి సంతతిని అక్కడ ఇప్పటికీ అదే పేరుతో పిలుస్తారు. అతనికి మిగిలిన తెలుగు ఒకే ఒక్క మాట, 'నీల్లు'. అమ్మ మంచినీళ్లు అడిగినప్పుడల్లా అతను ఆ మాట తిరిగి పలికి, నవ్వి, తెచ్చేవాడు. ఆమె అవసరానికి మించి నీళ్లు తాగిందని నా అనుమానం.

మొదటి రెండు మూడు బసల తర్వాత తోటి ఉద్యోగులకు నేను చెప్పిన గొప్పల్లో కొన్నింటిని ఇప్పుడు సవరించుకోవాలి. సూది పడినా వినబడేంత నిశ్శబ్దం అన్నాను. అప్పుడు వెళ్లినవి డిసెంబరు, జనవరి నెలలు. ఆకు కోత ఆగి, మొక్కలను కత్తిరించే కాలం కనుక ఫ్యాక్టరీ మూతపడి ఉంది. జూన్‌లో వెళ్లినప్పుడు, కోసిన ఆకును పొడవాటి తొట్లలో పరచి రాత్రంతా గాలి కొట్టి వాడబెట్టే ఫ్యాన్ల హోరు తెల్లవార్లూ తగ్గలేదు. నాకు అది రెండో రాత్రికి అలవాటైంది. పైగా ఆ గాలితోపాటు వచ్చే పచ్చి ఆకు వాసన, కోసిన గడ్డికీ జామకాయకూ మధ్యగా ఉండేది, నాకు ఇష్టం. నిద్ర పలచని వారికి మాత్రం అది కష్టమే. భోజనం గురించి కూడా ఎక్కువే చెప్పాను. సూపులూ కస్టర్డులూ దొరల వంట పేరుతో సాగుతున్న చప్పిడి తిండి. వంటవాడు తన ఇంటికి వండుకున్నట్టు చేసిన చేపల టెంగా మాత్రం మన పులుసుకు దూరపు చుట్టం. ముందురోజే అడిగితేనే చేస్తాడు.

గోడల నిండా పాత మేనేజర్ల ఫొటోలున్నాయి. సొంతంగా తేయాకు తోటలు వేసిన తొలి భారతీయుడైన మణిరామ్ దేవాన్‌ను 1858లో ఉరి తీసింది జోర్హాట్‌లోనే అయినా, ఆయన పేరు అక్కడ ఎక్కడా కనబడదు. నాకు అంత సుఖమిచ్చిన ఆ గడియారాన్ని కూడా దొరలు అతిథుల కోసం ముందుకు తిప్పలేదు. పగటి వెలుతురంతా పనిలోకి రావాలని తిప్పారు. బ్రహ్మపుత్ర లోయ తోటల్లో రోజుకూలీని 250 రూపాయలకు పెంచింది 2023 అక్టోబరులో. నేను గదికి రాత్రికి తొమ్మిదివేలు కట్టేవాణ్ణి. సైరన్ విని ఆనందించేటప్పుడు ఆ లెక్క గుర్తుకు రాకుండా ఉండదు.

ఇక అసలు ఫిర్యాదు. కిందటి జనవరిలో అమ్మతో వెళ్లేసరికి బంగ్లా నిర్వహణ కొత్తవాళ్ల చేతికి వచ్చింది. భోజనాల గదిలోని గడియారాన్ని గంట వెనక్కి తిప్పేశారు. ఎందుకని అడిగితే, బాగాన్ టైముతో అతిథులు తికమకపడుతున్నారనీ, అందువల్ల ఇకపై బంగ్లాలో అన్నీ మామూలు టైమేననీ ఆఫీసులో కూర్చున్న అబ్బాయి చెప్పాడు. గోడమీద ముల్లు మారింది గాని, వంటగదిలో గడియారం మారలేదు, లైన్లు మారలేదు, ఫ్యాక్టరీ మారలేదు. అతిథుల టీ వేళ మాత్రం మారింది, పొద్దున అది మన ఏడింటికి వచ్చింది. అప్పటికి అమ్మ మూడు గంటలుగా శాలువా కప్పుకొని వరండాలో ఒంటరిగా కూర్చొని ఉంది.

తిరుగు ప్రయాణానికి మరియాని జంక్షన్‌లో తెల్లవారుజామున రైలు. కారు నాలుగింటికి కావాలని ఆఫీసులో చెప్పాను. ఆ అబ్బాయి నా ఎదుటే పుస్తకంలో నాలుగు అని రాశాడు. నాలుగింటికి పెట్టెలతో మెట్లు దిగాము. పద్నాలుగు చెక్కమెట్లు, మంచుకు తడిసి జారుతున్నాయి; మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఒక్కొక్క మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి ఆగుతూ దిగింది. కింద కారు లేదు. చౌకీదారును అడిగితే వచ్చి వెళ్లిపోయింది అన్నాడు. నాలుగు అంటే డ్రైవరుకు బాగాన్ నాలుగే, అంటే మన మూడు. పాపం అతను చెప్పిన వేళకే వచ్చాడు, చలిలో ముప్పావుగంట చూశాడు, అతిథులను లేపకూడదన్న కొత్త నియమం ఉండడం వల్ల హారన్ కొట్టకుండా ఊరుకుని, మేము ప్రయాణం మానుకున్నామనుకొని లైన్లకు వెళ్లి పడుకున్నాడు. ఫోను ఎత్తలేదు. చౌకీదారు పొగమంచులో సైకిలు మీద వెళ్లి అతన్ని లేపుకొచ్చేసరికి నాలుగూ యాభై అయింది. అంతసేపూ అమ్మ బంగ్లా కింద, ఆ గుంజల మధ్య, పెట్టె మీద కూర్చొని ఉంది. నేను ఎవరి మీద అరవాలో తెలియక అటూ ఇటూ తిరుగుతుంటే, "ఊరుకో, అతనేం తప్పు చేశాడు" అని నన్నే కసిరింది.

మంచు పుణ్యమా అని రైలు గంటన్నర ఆలస్యంగా వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. రైల్వేవాళ్ల టైము మూడో రకం. రైలు దొరికింది కనుక అక్కడితో మరచిపోదునేమో. కాని ముందురోజు కట్టిన సొమ్ముకు తుది బిల్లును వారం తర్వాత పంపుతూ, అందులో కారుకు ఒక గంట వెయిటింగు చార్జీ అంటూ 300 రూపాయలు అదనంగా వేశారు. అడిగితే, టైము ఏదో మీరే ఖాయం చేసుకోవలసింది అన్నారు. రెండు ఉత్తరాలు రాశాక తీసేశారు. డబ్బు పెద్దది కాదు. గడియారం తిప్పింది వాళ్లు, గంట ఖరీదు నన్ను కట్టమన్నారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. అలాగని 300 రూపాయల తగాదాతో ఆ బేరర్, ఆ వంటవాడు పనిచేసే చోటికి చెడ్డపేరు తేవడం ఇష్టం లేక పేరు రాయడం లేదు.

వెళ్లవచ్చునా అంటే, నా పరిస్థితిని బట్టి చెప్పగలను. ఒక్కణ్ణే అయితే మార్చి చివర, కొత్త ఆకు వచ్చే రోజుల్లో మళ్లీ వెళతాను. టీ వంటవాణ్ణి అడిగి నాలుగింటికే తెప్పించుకుంటాను. అమ్మతో అయితే ఆ మెట్ల వల్ల, తెల్లవారుజాము రైలు ఉంటే మరీనూ, వెళ్లను. ఆలస్యంగా లేచే అలవాటున్నవారికీ, చిన్నపిల్లలున్నవారికీ కొత్త పద్ధతే నయం కావచ్చు. ఆ వైపు ఏ తోట బంగ్లాకైనా ఫోను చేసి గది మాట్లాడుకొనేవారు, ఆఫీసు చెప్పిన టైముతో ఊరుకోక, వంటగదిలో ఇప్పుడెంతయిందో కూడా అడగండి. కారు మాట్లాడుకుంటే డ్రైవరుతో నేరుగా మాట్లాడి, "మీ టైమా, మా టైమా" అని తేల్చుకోండి.