తోకఎముక నొప్పికి కోత కుషన్: ఏడాదిన్నర వాడిన తరువాత

చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో నేను లెక్కలు చూస్తాను. రోజూ ఒంగోలు నుంచి బస్సులో వెళ్లివస్తాను. 2023 డిసెంబరులో స్లాబుల లెక్క సరిచూడడానికి షెడ్డులోకి వెళ్లి, నేల మీద పేరుకున్న తడి రాతిబురదలో కాలు జారి, చెయ్యి ఆనించుకునే వ్యవధి కూడా లేకుండా కూలబడ్డాను. లేచి నడవగలిగాను కనుక ఏమీ కాలేదనుకున్నాను. సాయంత్రం బస్సులో సీటు దొరికి కూర్చోబోయినప్పుడు తెలిసింది. నడుస్తుంటే ఏమీ ఉండదు, పక్కకు తిరిగి పడుకున్నా ఉండదు. కూర్చుంటే మొదలవుతుంది, కూర్చున్నచోటి నుంచి లేచే క్షణంలో మేకు దిగినట్టుంటుంది.

మా వైపు ఈ తోకఎముకను ముడ్డిపూస అంటారు. నలుగురిలో పలకడానికి మొహమాటపడే పేరు కావడం వల్లనేమో, చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, నడుం నొప్పి అని చెప్పి నడుం నొప్పి మందులే వాడుతుంటారు. మొదటి నెల నేనూ అదే చేశాను. "పుత్తూరు కట్టు కట్టించుకొస్తే సరిపోద్ది గదమ్మా" అని మా అత్తగారు అన్నారు గాని, కట్టు కట్టడానికి వీలున్న చోటు కాదది.

చివరికి ఎముకల వైద్యుడి దగ్గరకు వెళ్తే ఆయన వేలితో ఒకేచోట నొక్కి, "ఇక్కడేనా అమ్మా?" అని అడిగారు. నా అరుపే జవాబయింది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో విరుగు కనిపించలేదు. వెన్నెముక అడుగున, త్రికాస్థి (నడుం కింది ముక్కోణపు ఎముక) కింద, సాధారణంగా నాలుగు, కొందరిలో మూడు లేదా ఐదు చిన్న పూసలు కలిసి ముందుకు వంగి ఉండే ముక్కే తోకఎముక అని, వైద్యులు దీన్ని కాక్సిక్స్ అనీ నొప్పిని కాక్సిడైనియా అనీ అంటారని చెప్పారు. మనం కూర్చున్నప్పుడు బరువును పిరుదుల కింది రెండు ఎముకలూ ఇదీ కలిసి మోస్తాయి. వెనక్కి వాలిన కొద్దీ దీని మీద భారం పెరుగుతుంది. కంప్యూటరు ముందు కుర్చీ అంచుకు జారి వెనక్కి వాలి కూర్చోవడం నా అలవాటు కాబట్టి, పడినప్పటి దెబ్బ మానకుండా రోజూ నేనే దాన్ని రేపుతున్నానన్నమాట. ఈ నొప్పి మగవారికన్నా ఆడవారిలో దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. కాన్పులో ఎముక ఒత్తిడికి గురికావడం, గట్టి బల్లల మీద గంటల తరబడి కూర్చోవడం, ఒళ్లు పెరగడం, ఉన్నట్టుండి బాగా చిక్కిపోవడం కూడా కారణాలే. కొందరిలో ఏ కారణమూ దొరకదు.

ఇక కుషన్ సంగతి. మొదట మందుల షాపులో గాలి నింపే గుండ్రటి రింగు కొని డబ్బు దండగ చేసుకున్నాను. మధ్యలో ఖాళీ ఉన్నా, వెనక అంచు సరిగ్గా తోకఎముక కిందికే వచ్చి తగులుతుంది. 2024 ఫిబ్రవరిలో 900 రూపాయలు పెట్టి, వెనకవైపు తెరిచి ఉండే, యు ఆకారపు కోత ఉన్న ఫోమ్ కుషన్ తెప్పించుకున్నాను. మొదటి వారం కోతను ముందుకు పెట్టి కూర్చున్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడను. పెట్టె మీద బొమ్మ కూడా అంత అయోమయంగా ఉంది. కోత వెనక్కి ఉండాలి, తోకఎముక దేనికీ తగలకుండా గాలిలో ఉండాలి. తిప్పి వేసుకున్న రోజు మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు ఆ మేకు పోటు సగానికి తగ్గింది.

ఇబ్బందులూ లేకపోలేదు. కుషన్ రెండున్నర అంగుళాల ఎత్తు కావడంతో కాళ్లు నేలకు అందక, ఒక విరిగిన పలకముక్క కాళ్ల కింద వేసుకున్నాను. మెత్తటి సోఫా మీద వేస్తే కిందిది పైకి ఉబ్బి కోతను పూడ్చేస్తుంది. గట్టి కుర్చీ మీదా, బస్సు సీటు మీదా బాగా పనిచేస్తుంది. మే నెలలో చెమటకు గలేబు తడిసి ముద్దవుతుంది, కాబట్టి రెండో గలేబు తప్పనిసరి. ఏడాది దాటాక ఫోమ్ అణిగింది. కూర్చుని ఉండగా వెనకనుంచి కోతలోకి అరచెయ్యి పెట్టి చూస్తుంటాను. మొదట్లో సులువుగా దూరేది, ఇప్పుడు వేళ్లు నలుగుతున్నాయి.

నొప్పి తగ్గడం ఒక్క కుషన్ చలవే అని మాత్రం నేను చెప్పను. లేచేముందు నడుమును ముందుకు వంచడం, అరగంటకోసారి లేవడం, కొన్నాళ్లు నొప్పి మాత్రలు, వేడినీళ్ల కాపడం, ఫిజియోథెరపీలో కటి కండరాలను వదులు చేసే వ్యాయామాలు అన్నీ కలిసి ఐదు నెలలు పట్టింది. ముక్కవలసి వస్తే అక్కడి కండరాలు ఎముకను లాగుతాయి కనుక మలబద్ధకం లేకుండా చూసుకొమ్మన్న సలహా నాకు కుషన్ అంతగానూ పనికొచ్చింది. ఇవేవీ పనిచేయకపోతే ఆ చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్, అదీ కాకపోతే అరుదుగా ఎముకను తొలగించే ఆపరేషన్ ఉన్నాయని చెప్పారు. నాకు అంతదాకా రాలేదు. జ్వరం, ఆ చోట వాపు లేదా చీము, కాళ్ల తిమ్మిరి, మూత్రం మీద అదుపు తప్పడం ఉంటే కుషన్లు వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే వైద్యుడికి చూపించుకోవాలని కూడా ఆయన గట్టిగా చెప్పారు.

పోయిన వారం అదే ఆకారంలో ఇంకొంచెం గట్టి ఫోమ్‌ది తెప్పించాను. ఈసారి కొనేముందు చూసింది రెండే: కోత వెడల్పు నాలుగు వేళ్లకు తగ్గకుండా ఉందా, గలేబుకు జిప్ ఉందా అని.