రెండో డిష్ మీద నా అభిమానం: నీళ్ల మీదుగా 24 కిలోమీటర్ల మైక్రోవేవ్ లింకు

ఈ లింకు ఎలా ఉందని ఎవరడిగినా ముందు టవర్ మీది రెండో డిష్ గురించే చెప్తాను. అడిగినవాళ్లకు కాస్త నిరాశగానే ఉంటుంది. వాళ్లు వినాలనుకునేది స్పీడ్ ఎంత, వానలో పడిపోతుందా అని. స్పీడ్ చెప్పినంతా వస్తుంది. వానకు పడిపోదు. ఆ రెండూ అయిపోయాయి కాబట్టి అసలు సంగతికి వస్తాను.

ఒక పెద్ద రిజర్వాయర్‌కు అటొకటి ఇటొకటి ఉన్న మా కేంద్రాలను తీగ లేకుండా రేడియో తరంగాలతో కలిపే లింకు ఇది. 7.5 గిగాహెర్ట్జ్, 24 కిలోమీటర్లు, దారిలో చాలా భాగం నీళ్లే. రెండు వైపులా 1.2 మీటర్ల డిష్‌లు, నిండు నీటిమట్టానికి 43 మీటర్ల పైన. మొదట్లో ఒక్కో వైపు ఒక్కటే ఉండేది.

లెక్క ప్రకారం, దారిలో ఏ అడ్డూ లేకపోయినా తరంగం విచ్చుకుపోవడం వల్ల ఇంత దూరానికి తగ్గే సిగ్నల్ సుమారు 137.5 డీబీ (డెసిబెల్, సిగ్నల్ ఎన్ని రెట్లు పెరిగిందో తగ్గిందో చెప్పే కొలత; 10 డీబీ అంటే పది రెట్లు). పంపే పవర్ 25 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్; మైనస్ అంకె ఎంత పెద్దదైతే సిగ్నల్ అంత బలహీనం). డిష్‌లు చెరో 37 డీబీ కలుపుతాయి. కేబుళ్లూ కనెక్టర్లూ కలిసి ఓ 2 డీబీ తింటాయి. అన్నీ పోను అవతలి వైపు మైనస్ 40 డీబీఎం దగ్గర రావాలి. మాకు మైనస్ 35 వచ్చేది. లెక్క కన్నా 5 డీబీ ఎక్కువ! ఆ రోజుల్లో ఈ రేడియో గురించి నేను చెప్పిన మంచి మాటల్లో సగం ఆ 5 డీబీ గురించే.

లైన్ ఆఫ్ సైట్‌కూ, అంటే డిష్‌ల మధ్య అడ్డు లేని దారికీ, లోటు లేదు. మధ్యలో మొదటి ఫ్రెనెల్ జోన్ (కిరణం చుట్టూ అడ్డు లేకుండా ఉంచాల్సిన చోటు) వ్యాసార్థం 15.5 మీటర్లు, భూమి గుండ్రంగా ఉన్నందుకు వచ్చే ఉబ్బు మరో 8.5 మీటర్లు. రెండూ తీసేసినా కింద ఇంకా 19 మీటర్ల ఖాళీ మిగిలేది. ఆ ఖాళీయే తర్వాత మా కొంప ముంచింది.

వాన సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. ఈ ఫ్రీక్వెన్సీలో కుండపోత కురిసినా మాకు నాలుగైదు డీబీ కంటే ఎక్కువ పోలేదు. 80 గిగాహెర్ట్జ్ లింకులైతే వేరే కథ, గంటకు 50 మిల్లీమీటర్ల వానలో కిలోమీటరుకే 15 డీబీ పైన పోతుంది. 60 దగ్గరైతే వాన కూడా అక్కర్లేదు, గాలిలోని ఆక్సిజనే కిలోమీటరుకు 15 డీబీ దాకా మింగేస్తుంది. వానే శత్రువు అనుకుని తక్కువ ఫ్రీక్వెన్సీ తీసుకున్నాం, ఆ లెక్క తప్పలేదు. కానీ మా లింకును వేధించింది వాన లేని రోజులు.

మొదటి సూచనలు తెల్లవారుజామున కనిపించాయి. ఆకాశం నిర్మలంగా ఉండి, ఆకు కదలని రాత్రుల్లో సిగ్నల్ గ్రాఫ్ రంపంలా కిందికీ పైకీ పోయేది. సూర్యుడు వచ్చి గాలి కదలగానే సర్దుకునేది. లింకు తెగేది కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అడాప్టివ్ మాడ్యులేషన్ పుణ్యం: సిగ్నల్ మైనస్ 57 దాటి పడగానే, ఎక్కువ డేటా మోసే 1024 క్వామ్ అనే పద్ధతి నుంచి మెట్టు మెట్టుగా దిగి, అవసరమైతే తక్కువ డేటా మోసినా బలహీన సిగ్నల్‌కు తట్టుకునే క్యూపీఎస్‌కే మీద నిలబడుతుంది. ఈ ఫీచర్‌ను నేను ఎంతగానో పొగిడాను. ఇప్పటికీ మంచిదే అంటాను, కాకపోతే ఒక షరతు. 1024 క్వామ్‌లో ఒక్కో సింబల్‌కు (ఒకసారి పంపే సంకేతానికి) 10 బిట్లు, క్యూపీఎస్‌కేలో 2. అంటే ఐదో వంతు స్పీడే మిగిలినా ప్యానెల్ మీద దీపం పచ్చగానే వెలుగుతుంది. జబ్బు ముదిరేదాకా బయటపడనివ్వని మందు అది.

తర్వాత వేసవి వచ్చింది, పగలు కూడా మొదలైంది. మిట్టమధ్యాహ్నం మైనస్ 55, మైనస్ 58 మధ్య ఊగేది. తెల్లవారుజామున మైనస్ 75కు పడేది, అప్పుడప్పుడు పూర్తిగా పోయేది. ఒక చోట వీడియో ఆగిపోతే ఇంకో చోట డేటా రాదు, ఫోన్లన్నీ నాకే. టెన్షన్ అంతా ఇంతా కాదు.

మాకు అమ్మిన సంస్థ ఇంజనీర్లు వచ్చారు. కనెక్టర్లు విప్పి చూశారు, లోపల చెమ్మ లేదు. డిష్ సైడ్ లోబ్ (అసలు బీమ్ పక్కన ఉండే బలహీనమైన బీమ్) మీద అలైన్ అయిందేమో అన్నారు. అది అర్థంలేని అనుమానమేం కాదు. మెయిన్ బీమ్ బదులు పక్క లోబ్ మీద కూర్చుంటే ఇంచుమించు ఇరవై డీబీ తగ్గుతుంది, మాకు తగ్గింది కూడా అంతే. అలైన్‌మెంట్ మళ్లీ చేశారు, ఏమీ మారలేదు. చివరికి రేడియోనే మార్చారు. ఆ తర్వాత కొన్నాళ్లకు సిగ్నల్ నెమ్మదిగా పెరుగుతూ వచ్చి మళ్లీ మైనస్ 35 చూపించింది. కొత్త రేడియో మహిమ అని వాళ్లు రిపోర్టు రాసుకుని వెళ్లారు. రేడియో మారిస్తే సిగ్నల్ ఆ రోజే మారాలి గానీ, రోజుకు కాస్త కాస్త పెరగడమేంటో వాళ్లూ చెప్పలేదు, అడిగితే వినలేదు.

వానలు పడ్డాయి, రిజర్వాయర్ నిండటం మొదలైంది. నిండుమట్టానికి ఇంకా 3 మీటర్లు ఉందనగా కొత్త రేడియో కూడా మైనస్ 55కు జారింది.

నీటిమట్టం రాసే రిజిస్టర్ మా కేంద్రంలోనే ఉంటుంది. ఒక పక్క ఆ గేజ్ అంకెలు, ఇంకో పక్క మధ్యాహ్నం సిగ్నల్ లెవెల్ పెట్టుకుని చూస్తే దాచడానికేమీ మిగల్లేదు. నిండుగా ఉంటే మైనస్ 35. 3 మీటర్లు తగ్గితే మైనస్ 55. 6 మీటర్లు దాటి తగ్గితే మళ్లీ మైనస్ 35. ఏ రేడియో పెట్టినా అంతే, నీళ్లు దిగుతున్నా ఎక్కుతున్నా అంతే.

కారణం కింద మిగిలిన ఆ ఖాళీలోంచి నీటి మీద తగిలి వచ్చే రెండో కిరణం. నేరుగా వచ్చే కిరణం కన్నా ఇది నడిచే దారి కాస్త ఎక్కువ. మా ఎత్తులకు, రిజర్వాయర్ నిండుగా ఉన్నప్పుడు, ఆ తేడా సుమారు 10 సెంటీమీటర్లు. మా తరంగదైర్ఘ్యం 4 సెంటీమీటర్లు, అంటే రెండున్నర తరంగాలు. నీటికి తగిలినప్పుడు తరంగం తలకిందులవుతుంది కాబట్టి ఆ అర తరంగం దానికి చెల్లిపోయి రెండు కిరణాలూ ఒకదానికొకటి కలిసొస్తాయి. నీళ్లు 3 మీటర్లు దిగితే తేడా 12 సెంటీమీటర్లు, సరిగ్గా మూడు తరంగాలు. అప్పుడు ఒకటి రెండోదాన్ని కొట్టేస్తుంది. 24 కిలోమీటర్ల దారిలో 2 సెంటీమీటర్లకు 20 డీబీ! నేను రేడియో గొప్పతనం అనుకున్న ఆ 5 డీబీ నీళ్లు ఇచ్చిన అప్పు, వసూలు చేసుకునేటప్పుడు వడ్డీతో సహా తీసుకున్నాయి.

తెల్లవారుజాము గొడవా ఇదే. మామూలుగా గాలిలో ఎత్తుకు వెళ్లేకొద్దీ వక్రీభవన గుణకం తగ్గుతూ పోతుంది కాబట్టి కిరణం కొద్దిగా కిందికి వంగుతుంది. అందుకే భూమి వ్యాసార్థాన్ని నాలుగు బై మూడు రెట్లుగా తీసుకుని లెక్క వేస్తారు. గాలి కదలని రాత్రుల్లో నీటి మీద చెమ్మ పొర పేరుకుంటే ఆ వంపు ఇంకా పెరుగుతుంది, నాలుగు బై మూడు కాస్తా రెండు దాటుతుంది. అప్పుడు 8.5 మీటర్ల భూమి ఉబ్బు 5 మీటర్లే ఉన్నట్టు అవుతుంది. అంటే రిజర్వాయర్ నిండుగా ఉన్నా, గాలి దాన్ని రాత్రికి రాత్రి మూడు మీటర్లు దించేసినట్టే.

డిష్‌ను కాస్త పైకి తిప్పితే సరిపోదా అని చాలామంది అడిగారు. మా డిష్ బీమ్ వెడల్పు 2.3 డిగ్రీలు. నీటి మీంచి వచ్చే కిరణం నేరుగా వచ్చేదాని కన్నా 0.17 డిగ్రీలు మాత్రమే కింద ఉంటుంది. ఆ రెండిటినీ విడదీయడం ఈ డిష్ వల్ల కాదు. గాలి వీచి అలలు లేస్తే ప్రతిఫలనం చెదిరిపోతుందన్నదీ నమ్మకమే. ఇంత వాలుగా వచ్చే తరంగానికి మీటరెత్తు అల కూడా పెద్ద గరుకేమీ కాదు. పగలు గాలి చేసే మేలల్లా చెమ్మ పొరలను కలిపేయడమే.

అందుకే రెండో డిష్. మొదటిదానికి 7 మీటర్ల కింద, రెండు వైపులా. స్పేస్ డైవర్సిటీ అంటారు. ఆ 7 మీటర్లు ఊరికే వచ్చిన అంకె కాదు. పై డిష్ దగ్గర కిరణాలు కొట్టుకుంటున్నప్పుడు కింది డిష్ దగ్గర కలిసొచ్చేలా, దారి తేడా అర తరంగం మారేటంత దూరం అది. పంపడం పై డిష్‌ నుంచే, అందుకోవడం మాత్రం రెండిటితో. రేడియో రెండు సిగ్నళ్ల ఫేజ్ సరిచేసి, అంటే రెండు తరంగాల ఎత్తుపల్లాలు ఒకేసారి వచ్చేలా చేసి, కలుపుతుంది.

బిగించిన వారం గాలి కదలని రాత్రి ఒకటి వచ్చింది. లాగ్‌లో పై డిష్ గీత మైనస్ 60 దాటి పడుతోంది, కింది డిష్ గీత పైకి లేస్తోంది, రెండూ కలిసిన గీత మైనస్ 40 దగ్గర దాదాపు తిన్నగా పోతోంది. అంత ముచ్చటైన గ్రాఫ్ నేను చూడలేదు. ఆ తర్వాత ఒక వేసవి పూర్తిగా దాటాం. అతి చెడ్డ రాత్రి కూడా 1024 క్వామ్ దిగలేదు.

దీనికీ ఒక చిక్కుంది. కింది డిష్ కనెక్టర్‌లోకి నీళ్లు దిగి దాని సిగ్నల్ బాగా పడిపోయిన సంగతి మాకు చాలాకాలం తెలియలేదు. మొదటి స్క్రీన్ మీద చూపించేది కలిపిన లెవెల్, అది పగలంతా బాగానే ఉంటుంది. చెడ్డ రాత్రి వచ్చాకే రెండో డిష్ లేనట్టే ఉందని తేలింది. ఇప్పుడు రెండిటికీ విడివిడిగా అలారం పెట్టుకున్నాం. ఇలాంటి అలారం ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే ఉండాలి కదా? లేదు. పైగా టవర్ మీద గాలి భారం పెరిగింది, కేబుళ్లు రెట్టింపయ్యాయి, అలైన్‌మెంట్ అంటే ఇప్పుడు నాలుగు డిష్‌ల పని.

కాబట్టి అందరికీ రెండో డిష్ కొనమని నేను చెప్పను. నేల మీదుగా, చెట్ల మీదుగా పోయే పది కిలోమీటర్ల లింకుకు ఒక్క డిష్ చాలు. 15 గిగాహెర్ట్జ్ పైన ఉన్నవాళ్లకు వాన లెక్కే ముఖ్యం, నా అనుభవం పెద్దగా పనికిరాదు. ఒక చివర గుట్ట మీదా ఇంకో చివర బాగా తక్కువ ఎత్తులో ఉంటే, కిరణం తగిలే చోటు తక్కువ ఎత్తున్న వైపు జరిగి నేల మీద పడవచ్చు, అప్పుడు ఈ ఖర్చే అక్కర్లేదు. మాకు రెండు ఒడ్లూ ఒకే ఎత్తు, ఆ వీలు లేకపోయింది. నీళ్ల మీదుగా లింకు వేసేవాళ్లు మాత్రం టవర్ ఎత్తు ఖాయం చేసేముందు నీటిమట్టం ఏడాదిలో ఎంత మారుతుందో కనుక్కోండి. లెక్క కన్నా నాలుగైదు డీబీ ఎక్కువ వస్తే అది ఎక్కడినుంచి వస్తోందో ఆ వారంలోనే చూసుకోండి.