కూసే అలారం కన్నా వాలే కడ్డీయే నయం

చచ్చిన చేపను ఎరగా వేసి, మిగతా చేపల్ని వేటాడి తినే పైక్ అనే మంచినీటి చేప కోసం కూర్చునేవాళ్లకు డ్రాప్-ఆఫ్ ఇండికేటర్ అంటే ఏంటో చెప్పనక్కర్లేదు. గాలపు కర్రను, అంటే రాడ్‌ను, ఆనించే వెనక స్టాండుకు బిగించే ఓ కడ్డీ, దాని చివర రంగు బంతి, ఆ బంతికి గాలపు తాడును, అంటే లైనును, పట్టుకునే చిన్న క్లిప్పు. అంతే. లైను వదులైనా, క్లిప్పులోంచి ఊడినా కడ్డీ కిందికి వాలి, చేప ఎర పట్టిందని చెబుతుంది. ఏళ్ల తరబడి కొని, వాడి, విసుగొచ్చి మూలన పడేసిన సామానంతటిలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది దీన్నే. అదీ ఒకే ఒక్క గుణానికి: చేప మనవైపు వచ్చినా చెబుతుంది.

లైను లాక్కుని అవతలికి పరిగెత్తే పైక్‌ను ఏ పరికరమైనా పట్టిస్తుంది. దానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అసలు చిక్కంతా ఎరగా వేసిన హెరింగో సార్డీనో లాంటి చేపను నోట కరుచుకుని నింపాదిగా గట్టువైపు ఈదుకొచ్చే చేపతోనే. అప్పుడు లైను బిగుసుకోదు, వదులవుతుంది. ముందు స్టాండు మీది ఎలక్ట్రానిక్ అలారం మోగాలంటే దాని చక్రం మీదుగా లైను కదలాలి. వెనక నుంచి ఆ వదులును లాగే బరువేదీ లేకపోతే లైను కదలదు, అలారం కూయదు. అలారం కూయలేదు కాబట్టి ఏమీ లేదనుకుని మనం టీ తాగుతూ ఉంటాం. ఈలోగా పైక్ ఎరను నోట్లోనే తిప్పుకుని తలవైపు నుంచి మింగడం మొదలుపెడుతుంది. ట్రెబుల్ హుక్కులు, అంటే మూడు కొనల గాలాలు, గొంతు దిగాయంటే విప్పడం మనకు యాతన, చేపకు ప్రాణగండం. అందుకే పైక్ విషయంలో ఇండికేటర్ అంటే సౌకర్యం కాదు, చేపను బతికుండగా తిరిగి వదలాలనుకునేవాడికి అది తప్పనిసరి.

ఈ కడ్డీ మీద నాకు గురి కుదిరింది ఓ గడ్డకట్టే చలి ఉదయాన. గట్టంతా తెల్లగా మంచు పట్టి ఉంది. అప్పటికి నా రాడ్లకు ముందు పేరున్న ఖరీదైన అలారాలు, వెనక సాదాసీదా డ్రాప్-ఆఫ్‌లు ఉండేవి. నిజం చెప్పాలంటే వెనకవి అలంకారానికే అన్నట్టు పెట్టినవి. ఎర మార్చి విసిరినప్పుడల్లా తడిసిన లైను అలారం చక్రాన్ని తడిపేది. ఆ తడి అక్కడే గడ్డకట్టింది. చక్రం బిగుసుకుపోయింది, లైను దాని మీద జారుతోందే తప్ప తిప్పడం లేదు. పైకి చూస్తే లైటు వెలుగుతూనే ఉంది, బ్యాటరీ నిండుగానే ఉంది, అంతా బాగున్నట్టే.

ఎడమవైపు కడ్డీ అంగుళమంత కిందికి జారింది. గాలేమో అనుకుందామంటే ఆకు కూడా కదలడం లేదు. ఆగింది. మళ్లీ కాస్త జారింది. లైను క్లిప్పులోనే ఉంది, ఊడలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా వాలిపోయి నిటారుగా కిందికి వేలాడింది. అలారం నోరు మెదపలేదు. క్లిప్పు నుంచి లైను తప్పించి, రీలు మీద లైనును పట్టే తీగ, అంటే బెయిల్, మూసి, వదులంతా రీలుకు చుట్టుకుంటూ పోతే ఎర విసిరిన చోటికి సగం దూరంలోనే చేప బరువు తగిలింది. అప్పుడు హుక్కు దిగేలా రాడ్‌ను గుంజి కొట్టాను. వెనక హుక్కు నోటి మూలన, బయటికి కనిపించేలా దిగింది. పొడవాటి ఫోర్సెప్స్‌తో ఒక్క మెలిక తిప్పేసరికి ఊడిపోయింది. అంత సులువుగా విడిపించి వదిలిన పెద్ద చేపలు నాకు ఎక్కువ లేవు. టోను, వాల్యూము, సెన్సిటివిటీ అంటూ మూడు బటన్లున్న యంత్రం చెప్పలేనిది భూమ్యాకర్షణ చెప్పింది.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోమనను. గాలి గట్టిగా వీచే రోజున ఇదే కడ్డీ ప్రాణం తోడేస్తుంది. నీటి మీద లైను విల్లులా వంగి, అలల లాగుడుకు క్లిప్పులోంచి మాటిమాటికీ ఊడిపోతుంది. లైను ఊడకూడదని క్లిప్పు బిగిస్తే, చేప ఎరను ఎత్తుకోగానే ఆ పట్టు తగిలి వదిలేసి పోయే ప్రమాదం. నేను రాడ్ కొనను నీళ్లకు దగ్గరగా దించి, లైనును మునగనిచ్చి కొంతవరకు నెట్టుకొస్తున్నాను. ప్రవాహం మీద కొట్టుకొచ్చే నాచు లైనుకు పట్టిందంటే మాత్రం ఏ క్లిప్పూ ఆగదు. సన్నటి బ్రెయిడ్, అంటే పోగులు అల్లిన లైను, వాడేవాళ్లకు ఇంకో తలనొప్పి: కొన్ని క్లిప్పుల్లో అది నిలవకుండా జారిపోతుంది. పట్టును మరతో సవరించుకునే వీలున్న క్లిప్పు లేని రకాన్ని నేనిక ముట్టుకోను. కడ్డీ కీలులోకి ఇసుక దూరితే సగంలో ఆగిపోతుంది కూడా, కాబట్టి ఇంటికొచ్చాక ఓసారి కడిగి పెట్టుకోవాలి.

వాలినప్పుడు తనే కూసే రకాలూ ఉన్నాయి. చూపు తిప్పుకున్నా చెవిన పడుతుంది కాబట్టి ఇప్పుడు నేను వాడేది అవే. వైర్‌లెస్ రిసీవరు జేబులో వేసుకుని గట్టు మీద షికారు తిరగడం నాకు నచ్చదు. పైక్ ఎర ఎత్తుకున్నాక మనకుండేది కొద్ది సమయమే, అది నడకలో పోకూడదు.

ఇక బెండ్లు, అంటే లైనుకు కట్టి నీటి మీద తేలనిచ్చేవి. నీటి అంచున రెల్లు పక్కనో, రాడ్‌కు మూడు నాలుగు రెట్ల దూరంలోనో వేట అయితే కడ్డీ కన్నా బెండే ముందు చెబుతుందని ఒప్పుకోవాలి. అడుగున పరుచుకునే ఎరకు లావుపాటి బెండు అనవసరం, అది ఎర బరువును మోయనక్కర్లేదు కదా. లోతు కన్నా అడుగు, రెండడుగులు ఎక్కువగా కట్టిన సన్నటి పెన్సిల్ బెండు చాలు, కాస్త ఒరిగి నిలబడుతుంది. చేప ఎరను పైకెత్తితే అది పడుకుంటుంది, లాక్కుపోతే ఒరుగుతూ జారుకుంటుంది. గాలి ఉంటే బెండును కింది కొనతో మాత్రమే లైనుకు తగిలించి, లైనును ముంచేయాలి. ఎరను నీటి మధ్యలో వేలాడదీసేటప్పుడే లావుది కావాలి. రంగు గురించి ఒక్క మాట: నీరు వెండిలా మెరిసే వేళ నారింజ కొన కన్నా నల్ల కొనే బాగా కనబడుతుంది. చెట్ల నీడ పడ్డ నీటి మీదైతే నారింజే.

కడ్డీని ఇంతగా పొగిడాను గానీ, నేను వెళ్లేవి నిలకడ నీళ్లున్న చెరువులు, ఎర విసిరేది దూరానికి, దగ్గర పెట్టుకునేది రెండే రాడ్లు. కళ్లు కూడా మునుపటిలా లేవు, అల లేచిన నీటి మీద బెండు కొనను గంటల తరబడి చూస్తే నీళ్లు కారతాయి. నదిలో వేటాడేవాడు నా మాట విని బెండ్లు అమ్మేసుకోవాలని మాత్రం అనను. ముందు స్టాండు మీది అలారాలు ఇప్పటికీ పెడుతున్నాను, మంచు లేని రోజుల్లో. చలి ముదిరితే అవి సంచిలోనే ఉంటాయి.