బ్రిస్టల్‌లో బేస్ బాగుంది, బస ముంచింది

బ్రిస్టల్‌లో శుక్ర, శని రెండు రాత్రులకి ముగ్గురి బసకి 263 పౌండ్లు అయింది. శుక్రవారం గది 89, శనివారం అదే గది 129. మిగతా 45 పౌండ్లు మేం అద్దె కట్టిన గది తలుపు మాకే తెరిచినందుకు పుచ్చుకున్నారు. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేస్తున్న మన పిల్లలు చాలామంది డ్రమ్ అండ్ బేస్ రాత్రుల కోసం ఆ ఊరు వెళ్తున్నారు. వేగంగా పరిగెత్తే డ్రమ్స్, అడుగున మోగే బేస్, అంటే మంద్రస్వరాలు, కలిసిన డాన్స్ సంగీతం అది. టికెట్ కొనేముందు వాళ్లు ఈ తాళం సంగతి తెలుసుకోవాలి.

ప్రయాణం గురించి చెప్పాల్సింది పెద్దగా లేదు. లండన్ ప్యాడింగ్టన్ నుంచి బ్రిస్టల్ పెద్ద స్టేషన్ టెంపుల్ మీడ్స్‌కి రైల్లో దాదాపు గంటా నలభై నిమిషాలు. కోచ్, అంటే దూరప్రయాణాల బస్సు, అయితే రెండున్నర నుంచి మూడు గంటలు, ధర సగానికి సగం. ఆదివారం మాత్రం పట్టాల మరమ్మతులని చెప్పి సగం దారి బస్సెక్కిస్తుంటారు కాబట్టి తిరుగు ప్రయాణానికి కోచ్ నయం.

ఈ సంగీతానికి బ్రిస్టలే ఎందుకంటే, ఇక్కడ అది ఫ్యాషన్‌గా దిగుమతి కాలేదు. సెయింట్ పాల్స్ పేటలో స్థిరపడిన జమైకా కుటుంబాలు తమతో సౌండ్ సిస్టమ్ అలవాటు తెచ్చుకున్నాయి. చేత్తో కట్టుకున్న స్పీకర్ పెట్టెలు, ఛాతీలో మోగే బేస్, మైకు పట్టుకుని జనాన్ని నడిపించే మనిషి. 1968 నుంచి అక్కడ కార్నివాల్ జరుగుతోంది. ఆ వీధుల సంగీతం వింటూ పెరిగిన తరమే రోనీ సైజ్, క్రస్ట్, డై, సువ్ అనే డీజేలు. రోనీ సైజ్ బృందం రెప్రజెంట్‌కి 1997లో, ఏటా మేటి ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ బహుమతి వచ్చింది. బేస్ మోత సరిగా లేకపోతే ఈ ఊరి జనం ఊరుకోరు. చిన్న హాలులో కూడా స్పీకర్ల మీద శ్రద్ధ కనిపిస్తుంది.

కొత్తవాళ్లు ముందు పోస్టరు చదవడం నేర్చుకోవాలి. 'లిక్విడ్' అని ఉంటే రాగాలు, గొంతులు, మెత్తటి బేస్. మొదటిసారి వెళ్లేవాళ్లకి అదే మంచిది. 'జంప్ అప్' అంటే గరగరలాడే బేస్, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, ముందు వరసల్లో తోపులాట. 'న్యూరోఫంక్' యంత్రాల రొద లాంటి శబ్దాల అల్లిక. 'జంగిల్' వీటన్నిటికీ ముందుది. 1969లో ది విన్‌స్టన్స్ బృందం డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ వాయించిన నాలుగు తాళావృత్తాల డ్రమ్ ముక్కను కోసి, తిరగేసి, వేగం పెంచి వాడతారు. ఇంచుమించు అన్నిటి వేగమూ నిమిషానికి 174 బీట్ల దగ్గరే ఉంటుంది. డప్పుకి వేసినట్టు ప్రతి దెబ్బకీ అడుగు వేస్తే పది నిమిషాల్లో ఆయాసం వస్తుంది. మా బావకి అదే జరిగింది. పాదం బేస్‌ని పట్టుకోవాలి, అంటే నిమిషానికి 87 అడుగులు. డ్రమ్స్‌ని భుజాలకీ తలకీ వదిలేయాలి. అలా అయితే నాలుగు గంటలైనా ఆడొచ్చు.

శుక్రవారం టెంపుల్ మీడ్స్ కింది సొరంగాల్లో గడిచింది. ఇంజినీరు బ్రూనెల్ కట్టి 1840లో తెరిచిన పాత స్టేషన్ అడుగున ఉన్న ఆ చోటుని ఇప్పుడు లోకో క్లబ్ అంటారు. టికెట్ 14 పౌండ్లు, బుకింగ్ రుసుము 1.40. అదే టికెట్ ఆరు వారాల ముందు 8 పౌండ్లుండేది. ఇక్కడ టికెట్లు విడతలుగా వదులుతారు, విడత అయిపోగానే ధర రెండు మూడు పౌండ్లు పెరుగుతుంది. తేదీ ఖాయమైతే మొదటి విడతలోనే కొనేయండి. ఖాయం కాకపోతే టికెట్ వేరేవాళ్లకి మార్చుకునే వీలున్న సైటులో తీసుకోండి. హెడ్‌ఫస్ట్ అని బ్రిస్టల్ వాళ్ల సైటే ఒకటుంది, ఊళ్లో జరిగేవి చాలావరకు అందులో దొరుకుతాయి.

సొరంగంలో ఎక్కడ నిలబడతామన్నదే రాత్రిని నిర్ణయిస్తుంది. 50 హెర్ట్జ్ బేస్ అల పొడవు దాదాపు 7 మీటర్లు. ఇటుక గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుని ఒకచోట కుప్పపడుతుంది, ఇంకోచోట తనను తానే చంపుకుంటుంది. స్పీకర్ల ముందే నిలబడితే డ్రమ్స్ చెవులు చీల్చేస్తాయి గానీ బేస్ పూర్తిగా అందదు. వెనక గోడకి ఆనుకుంటే బేస్ ఉబ్బిపోయి డ్రమ్స్‌ని మింగేస్తుంది. శబ్దం సరిచేసే ఇంజినీరు బల్ల ఎక్కడుందో చూసి, దానికి రెండు మూడడుగులు ముందు, హాలు నడుమ గీతకి కాస్త పక్కగా నిలబడండి. ఆయన తన చెవికి సరిపోయేలా కలిపేది అక్కడి నుంచే. మేం అక్కడికి మారాక తేడా తెలిసింది. చేతిలోని ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ల మీద సన్నటి వలయాలు లేచాయి. చొక్కా గుడ్డ ఛాతీ మీద విడిగా అదిరింది. అయినా పక్కవాడు చెవిలో చెప్పిన మాట వినబడింది. మంచి సిస్టమ్ అంటే అదీ. మోత ఎంత పెద్దదైనా మాట చెదరదు.

చెవుల విషయంలో బేరాలొద్దు. బ్రిటన్‌లో పనిచేసే చోట్లకి పెట్టిన లెక్కలో 85 డెసిబెళ్లకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకీ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్లంటే 15 నిమిషాలే. బారు దగ్గర ఒక పౌండుకి అమ్మే, చెవుల్లో పెట్టుకునే స్పాంజి ముక్కలు పైస్వరాలన్నీ కోసేసి సంగీతాన్ని దుప్పటి కింద పెట్టినట్టు చేస్తాయి. విసుగొచ్చి తీసేస్తాం. ఫిల్టరున్న ఇయర్‌ప్లగ్గులు 20 పౌండ్లలో దొరుకుతాయి, 18 డెసిబెళ్ల దాకా అన్నిటినీ సమంగా తగ్గిస్తాయి. అవి పెట్టుకుంటే డ్రమ్స్ ఇంకా విడివిడిగా వినబడతాయి.

శనివారం థెక్లా. 1958లో జర్మనీలో తయారైన సరుకుల ఓడ అది, 1983 నుంచి బ్రిస్టల్ రేవులో కట్టేసి ఉంది. దాని పక్కన వీధి చిత్రకారుడు బ్యాంక్సీ గీసిన మృత్యువు బొమ్మను కోసి, దగ్గర్లోనే ఉన్న ఎం షెడ్ మ్యూజియంకి తరలించారు. డాన్స్ జరిగేది ఓడ కడుపులో. పైకప్పు తక్కువ, చుట్టూ ఇనుము, వేడి. కోటు వేసుకుని దిగితే పావుగంటలో తడిసిపోతాం, కాబట్టి దాన్ని క్లోక్‌రూమ్‌లో ఇచ్చేయండి. మాకు తలకి 3 పౌండ్లు పడింది. ముగ్గురి కోట్లూ ఒకే హ్యాంగరుకి తగిలిస్తే ఒక రుసుముతో సరిపెడతారేమో అడగడంలో తప్పులేదు, మాకు ఒప్పుకోలేదు. నీళ్లు మాత్రం కొనొద్దు. మద్యం అమ్మే చోట అడిగినవాళ్లకి కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది అక్కడి లైసెన్సు షరతు. 'ట్యాప్ వాటర్' అని స్పష్టంగా అనండి, లేకపోతే సీసా చేతిలో పెడతారు.

పెద్ద పేరున్న డీజే అర్ధరాత్రి ఒంటిగంట తర్వాతే వస్తాడు. అయినా పదకొండుకల్లా లోపల ఉండండి. మొదటి గంటలో ఊరి కుర్రాళ్లు వాయిస్తారు, నేల ఖాళీగా ఉంటుంది, శబ్దం శుభ్రంగా వినబడుతుంది. పైగా చాలాచోట్ల నిర్ణయించిన వేళ దాటాక కొత్తగా లోపలికి రానివ్వరు, ఒకసారి బయటికెళ్తే మళ్లీ రానివ్వరు. పాట అందుకోగానే జనం చేతులెత్తి కేకలేస్తే డీజే రికార్డుని వెనక్కి లాగి మొదటినుంచి వేస్తాడు. దాన్ని రీవైండ్ అంటారు. ఆ రాత్రి ఒక పాటకి రెండుసార్లు లాగించారు. రెండోసారి అందరికంటే గట్టిగా అరిచింది ఆయాసంతో మెట్ల మీద కూలబడిన మా బావే.

గుర్తింపు కార్డు విషయం మనవాళ్లకి విడిగా చెప్పాలి. వయసు ముప్పై ఎనిమిదైనా అడుగుతారు. ఇండియా డ్రైవింగ్ లైసెన్సు చాలా తలుపుల దగ్గర చెల్లదు. ఇదివరకు విద్యార్థులు నివాస కార్డు చూపించేవాళ్లు. ఆ కార్డుల గడువు 2024 డిసెంబరు 31తో ముగిసింది, ఇప్పుడున్నది ఈ-వీసా. దాన్ని ఫోన్‌లో చూపిస్తే తలుపు దగ్గర తల అడ్డంగా ఊపుతారు. అందుకని పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని చీకట్లో గెంతుతుంటారు పిల్లలు. అది పోతే పోలీసు రిపోర్టు, దరఖాస్తు, వారాల ఎదురుచూపు. అక్కడ చదువుకుంటున్నవాళ్లు ప్రొవిజినల్ డ్రైవింగ్ లైసెన్సుకి ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు కట్టి తెచ్చుకోండి. కారు నడిపే ఉద్దేశం లేకపోయినా ఆ డబ్బు వృథా కాదు. ఫోటో కాపీలు, ఫోన్‌లో ఫోటోలు పనికిరావు. తలుపు దగ్గర కాపలావాళ్లెవరైనా మొరటుగా ప్రవర్తిస్తే వాదనకి దిగొద్దు. లైసెన్సు బిళ్ల బయటికి కనబడేలా పెట్టుకోవడం వాళ్ల విధి. దాని మీది 16 అంకెల నంబరు రాసుకుని తర్వాత ఫిర్యాదు చేయొచ్చు.

ఇక ఆ బస. స్టోక్స్ క్రాఫ్ట్ దగ్గర, కింద దుకాణం, పైన ఆరు గదులు. రిసెప్షన్ ఉండదు, తలుపుకి అంకెల తాళం. '24 గంటల సహాయం' అని పేజీ మీద పెద్దక్షరాలు. రెండు రాత్రులు కలిపి తీసుకుంటే 236 పౌండ్లు, విడివిడిగా తీసుకుంటే 218. పద్దెనిమిది పౌండ్లు మిగులుతాయని మా తమ్ముడు రెండు బుకింగులు చేశాడు. గొడవకి మూలం అదే. బుకింగుకో కోడ్. మొదటిది శనివారం పొద్దున 11కి చెల్లకుండా పోవాలి, రెండోది మధ్యాహ్నం 3కి మెయిల్లో రావాలి. కానీ శనివారం సాయంత్రం 5కి కూడా పాత కోడ్‌తోనే తలుపు తెరుచుకుంది. గది అదే కాబట్టి కోడ్ కూడా అదేననుకున్నాం. గడువు తీరిన కోడ్‌లని వాళ్ల యంత్రం అర్ధరాత్రి తుడిచేస్తుందట. తెల్లవారుజామున 4:40కి పాత అంకెలు మూడుసార్లు కొట్టాం. మూడోసారికి ఎర్ర దీపం ఆగకుండా మిణుకుమంది, తాళం బిగుసుకుపోయింది. కొత్త కోడ్ తమ్ముడి మెయిల్లో ప్రకటనల మధ్య ఉంది. వాడి ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది.

బావ ఫోన్ నుంచి సహాయం నంబరుకి చేశాం. మొదటి రెండుసార్లు ఎవరూ ఎత్తలేదు. ఫిబ్రవరి చలి, చెమటకి తడిసిన చొక్కాలు, మెట్ల మీద యాభై నిమిషాలు. చివరికి ఎత్తినాయన కార్డు వివరాలడిగి, 45 పౌండ్లు తీసుకుని, తన కుర్చీలోంచే మీట నొక్కి తాళం తెరిచాడు. మా కోపం ఇక్కడే. షరతుల్లో ఆ 45 పౌండ్లని 'సిబ్బంది వచ్చినందుకు రుసుము' అని రాశారు. ఎవరూ రాలేదు. ఆ మాటే రాతపూర్వకంగా రెండుసార్లు అడిగితే 'కోడ్ తప్పుగా కొట్టింది మీరు' అన్న జవాబే రెండుసార్లూ వచ్చింది. ముందే పట్టి ఉంచిన 100 పౌండ్ల డిపాజిట్ వదలడానికి ఇంకో ఆరు రోజులు తీసుకున్నారు. బావ ఆదివారం పొద్దంతా ఎవరితోనూ మాట్లాడలేదు. తమ్ముడు మధ్యాహ్నం డ్యూటీకి నిద్ర లేకుండా వెళ్లాడు.

కాబట్టి క్లబ్ రాత్రికి గది తీసుకునేవాళ్లు బుక్ చేసేముందు ఈ మూడూ అడిగి రాతలో తెప్పించుకోండి: తెల్లవారుజామున 5కి తలుపు దగ్గర మనిషి ఉంటాడా, కోడ్ ఎప్పుడు మారుతుంది, మనిషి రాకపోయినా రుసుముందా. అంకెల తాళమే అయితే కోడ్ కాగితం మీద రాసి ముగ్గురి జేబుల్లోనూ పెట్టుకోండి. బయల్దేరేముందు తలుపు మూసి, ఆరోజు వచ్చిన కోడ్‌తోనే ఒకసారి తెరిచి చూడండి. పద్దెనిమిది పౌండ్ల కోసం బుకింగుని ముక్కలు చేయొద్దు. ఆదివారం ఖాళీ చేయాల్సిన గంట కూడా చూడండి. 11 బదులు 12 చేయడానికి పది పౌండ్లడిగినా ఇవ్వండి. నాలుగింటికి క్లబ్ మూస్తే అయిదింటికి పడుకునేవాళ్లకి ఆ గంట అవసరం.

తిండి విషయంలో మాత్రం ఊరు మాకు బాకీ పడలేదు. శనివారం సాయంత్రం సెయింట్ పాల్స్ వైపు ఒక చిన్న కరీబియన్ దుకాణంలో జెర్క్ చికెన్, రైస్ అండ్ పీస్, ప్లేటు 10.50 పౌండ్లు. పేరులో బఠాణీలున్నా అందులో వేసేది రాజ్మా. కొబ్బరి పాలలో ఉడికించిన అన్నం, థైమ్ రెమ్మలు, చితక్కుండా పైన వేసి తీసిన స్కాచ్ బానెట్ మిరపకాయ. కాయ పగలకుండా ఉడికిస్తే వాసన దిగుతుంది, మంట దిగదు. బావకి మంట చాలలేదు. కౌంటర్ వెనకున్న పెద్దావిడ మారు మాట్లాడకుండా పసుప్పచ్చటి మిరప పచ్చడి ఒక చెంచా పక్కన వేసింది. గుంటూరు కారం తిని పెరిగిన మనిషి రెండో ముద్దకి నీళ్లు అడిగాడు, తర్వాత ఇంకో చెంచా అడిగాడు. క్లబ్‌కి వెళ్లేముందు ఇలా కడుపునిండా తినండి. నాలుగింటికి తెరిచి ఉండేవి కబాబ్ కొట్లే, అక్కడ ఉప్పగా ఉన్న చిప్స్ పెట్టె 6 పౌండ్లు.

వచ్చే నవంబరుకి మళ్లీ వెళ్తున్నాం. టికెట్లు మొదటి విడతలోనే 9 పౌండ్ల చొప్పున దొరికాయి. గది టెంపుల్ మీడ్స్ దగ్గర, రాత్రంతా బల్ల దగ్గర మనిషుండే హోటల్లో, రెండు రాత్రులకీ ఒకే బుకింగు, 171 పౌండ్లు, ఆదివారం 12 దాకా. ఈసారి డబ్బు కట్టింది బావ.