పాత నాణేలకు పది రెట్ల భూతద్దం: అద్దం మేలు, దీపం దండుగ

రాజమహేంద్రవరంలో కంసాలి పనిముట్లు అమ్మే దుకాణంలో కొన్న ఈ మడత భూతద్దాన్ని పాత నాణేల మీది అచ్చు గుర్తులు చూడటానికే వాడుతున్నాను. మూడు కటకాలను అతికించి చేసినది కావడం వల్ల అంచుల దగ్గర రంగుల చార కనిపించదు, అక్షరాలు వంకరపోవు. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించి, నాణేన్ని అంగుళం దూరంలో పట్టుకుంటేనే స్పష్టంగా కనిపిస్తుంది.

దీని సత్తా డై క్రాక్‌కూ (నాణెం కొట్టే అచ్చు పగిలినందువల్ల పడే గీతకూ) మామూలు గీరకూ తేడా పట్టేటప్పుడు తెలుస్తుంది. పగిలిన అచ్చుతో కొట్టినప్పుడు లోహం ఆ పగులులోకి చొరబడుతుంది కనుక నాణెం మీద గీత ఉబ్బెత్తుగా పడుతుంది. తర్వాత ఎవరో గీసినదైతే లోహం లోపలికి తెగి, పక్కన సన్నని గట్టు లేస్తుంది. నా దగ్గరున్న 1862 విక్టోరియా రూపాయిలో కిరీటం నుంచి అంచు దాకా ఉన్న గీత మామూలు కంటికి గోటి గీరలాగే ఉంటుంది గాని, ఈ అద్దంలో అది ఎక్కడా లోపలికి దిగకుండా ఉబ్బెత్తుగానే సాగడం తేటగా కనిపించింది. ఆ రూపాయలను 1874 దాకా అదే సంవత్సరంతో కొట్టారు. ఏది ఏ ఏట కొట్టినదో వేరుచేయడానికి వెనుకవైపు చుక్కల లెక్క ఒక ముఖ్య ఆధారం కనుక, అరిగిన చుక్కకూ పేరుకున్న మురికికీ తేడా తెలియడం చాలా అవసరం. ఇటీవలి నాణేల్లో సంవత్సరం కింద ఉండే టంకశాల గుర్తుల్లో ముంబై వజ్రం అరిగితే నోయిడా చుక్కలా భ్రమ గొలుపుతుంది. హైదరాబాద్ నక్షత్రంతో ఆ పేచీ లేదు, కోల్‌కతాకు గుర్తే లేదు.

ఒకప్పుడు డచ్చివారి వర్తక స్థావరాలున్న పాలకొల్లు, నరసాపురం వైపు వారి రాగి నాణేలంటూ అమ్మకానికి వచ్చేవాటిని కొనేముందు కూడా ఇది అక్కరకొస్తుంది. పోతపోసిన నకిలీల మీద సన్నని గుంటలు, అంచున అతుకు గీత తరచు బయటపడతాయి.

అమర్చిన ఎల్ఈడీ దీపం మాత్రం ఎదురుగా పడి ఎత్తుపల్లాలను చదును చేసేస్తుంది. దాన్ని ఆర్పేసి, కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో నాణేన్ని మెల్లగా తిప్పి చూడాలి. మన డెల్టా తేమకు మడత దగ్గరి మర అప్పుడే తుప్పు పట్టింది. దీపం లేని రకం దొరికితే అదే కొనండి. ఇరవై రెట్ల దానికి డబ్బు తగలేయనక్కరలేదు, అందులో ఒకేసారి ఒకటి రెండు అక్షరాలకు మించి కనపడక, గీత ఎక్కడ మొదలై ఎటు పోయిందో అంతుపట్టదు.